పాట పెట్టకుండానే వేడెక్కిన యాంప్లిఫయర్: బీసెంట్ నగర్ కేబుల్ కేసు

ఫిర్యాదు

ఇల్లు చెన్నై బీసెంట్ నగర్‌లో, ఇలియట్స్ బీచ్‌కు రెండు వీధుల ఇవతల. ఇంటాయన నెల్లూరు నుంచి వచ్చి ఉద్యోగమంతా మద్రాసులోనే చేసి రిటైరైన బ్యాంకు మేనేజరు. ఇటీవల హాలుకు ఫాల్స్ సీలింగ్ చేయించారు. ఆ సందర్భంలో యాంప్లిఫయర్ ఒక మూల అలమరలోకి, నిలువు స్పీకర్లు ఎదుటి గోడ దగ్గరికి మారాయి. మధ్య దూరం చూపుకు ఏడు మీటర్లే. కాని కేబుల్ అలమరలో నుంచి పైకెక్కి, సీలింగ్ అంచు వెంట తిరిగి, మళ్లీ కిందికి దిగాలి కాబట్టి ఒక్కో స్పీకరుకు 14 మీటర్లు పడుతుంది.

మార్పు జరిగినప్పటి నుంచి యాంప్ అరగంట కూడా పాడటం లేదు. ఎర్ర దీపం వెలుగుతుంది, లోపల రిలే అనే స్విచ్ టక్కుమంటుంది, పాట ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మొదలు. దానికి తోడు కుడి స్పీకరు పలచగా వినిపిస్తోందని ఇంకో ఫిర్యాదు. అంతకుముందు చూసినవాళ్లలో ఒకరు చెన్నై ఎండను తప్పుపట్టి అలమరలో ఫ్యాను పెట్టించారు. ఇంకొకరు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు బలహీనపడ్డాయి, నాలుగూ మార్చాలన్నారు. కేబుల్‌ను మాత్రం ఎవరూ అనుమానించలేదు. అనుమానించే ధైర్యం ఎవరికుంటుంది? అది అబ్బాయి డాలస్ నుంచి తెచ్చినది. జడలా అల్లిన రాగిపోగులు, ఒక్కో పోగుకు విడివిడిగా ఇన్సులేషన్, కొసలకు బంగారు పూత పిన్నులు.

"బాబూ, ఆ కేబుల్ ఖరీదు యాంప్ ఖరీదులో సగం. దాని జోలికి మాత్రం పోవద్దు" అన్నారు ఆయన, రిపేరుకు వెళ్లిన నేను ఇంకా చెప్పులు విడవకముందే.

పాట లేకుండా పరీక్ష

వేడెక్కే యాంప్ దగ్గర ముందు మూత తీయను. గోడ సాకెట్‌కూ యాంప్‌కూ మధ్య వాట్ మీటరు పెట్టి, స్పీకరు కేబుళ్లన్నీ పీకేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచి చూస్తాను. ఇక్కడ 38 వాట్లు చూపింది. ఈ తరహా క్లాస్ ఏబీ యాంప్ ఖాళీగా ఉన్నప్పుడు లాగవలసినది దాదాపు అంతే. తరువాత ఎడమ కేబుల్ తగిలించాను. 74 వాట్లు. దాన్ని తీసి కుడిది తగిలిస్తే 63. రెండూ కలిపితే 99.

పాట లేదు, వాల్యూమ్ లేదు. కేబుల్ తగిలించినందుకే యాంప్ రెండున్నర రెట్లు కరెంటు తాగుతోంది. ఈ ఒక్క పరీక్షతో ట్రాన్సిస్టర్ల వాదనా పోయింది, ఎండ వాదనా పోయింది. అలమరలో వేడి నిజమే, కాని ఆ వేడిని పుట్టిస్తున్నది యాంపే.

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట తోచేది షార్టు. స్పీకరు వైపు కొసలు విప్పి విడిగా వదిలేసి, ఎడమ కేబుల్‌లో ఎరుపుకూ నలుపుకూ మధ్య మీటరు పెట్టాను. పూర్తిగా తెగినట్టే చూపింది, అంటే ఎక్కడా కలవలేదు. ఆ స్థితిలోనే, అవతల స్పీకరు లేకుండానే, యాంప్‌కు తగిలిస్తే మళ్లీ 74 వాట్లే. షార్టు లేదు, స్పీకరూ లేదు. మిగిలింది కేబుల్ స్వభావం ఒక్కటే.

ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ మూడూ కొలిచే ఎల్‌సీఆర్ మీటరు తీశాను. ఎడమ కేబుల్ రెండు తీగల మధ్య కెపాసిటెన్స్, అంటే విద్యుత్తును నిలవ చేసుకునే గుణం, 9.8 నానోఫారడ్లు (ఒక నానో అంటే వెయ్యి పికోలు). 14 మీటర్లకు అంటే మీటరుకు 700 పికోఫారడ్లు. మామూలు జంట తీగ స్పీకరు కేబుల్‌లో ఈ అంకె మీటరుకు 50 నుంచి 100 పికోఫారడ్ల ప్రాంతంలో ఉంటుంది. ఎరుపు పోగులనూ నలుపు పోగులనూ ఒకదానిపక్కన ఒకటి అల్లితే ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం, తగ్గుతుంది, నిజమే. దానికి బదులుగా కెపాసిటెన్స్ పెరుగుతుంది. కేబుల్ పెట్టె మీద మొదటి సంగతే రాస్తారు. రెండోది చాలాసార్లు వెతికినా దొరకదు.

ఆసిలోస్కోపులో కనిపించినది

తరంగాన్ని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు నల్ల క్లిప్పు పెట్టేముందు ఒక జాగ్రత్త. ఈ యాంప్‌లో నలుపు స్పీకరు టెర్మినల్ గ్రౌండుకు కలిసి ఉందో లేదో ముందు మీటరుతో చూసుకున్నాను. ఉంది. బ్రిడ్జి పద్ధతిలో నడిచే యాంపుల్లో, ముఖ్యంగా ఇప్పటి చిన్న క్లాస్ డీ పెట్టెల్లో, ఎరుపూ నలుపూ రెండింటిలోనూ సిగ్నల్ ఉంటుంది. అక్కడ నలుపుకు స్కోపు గ్రౌండు తగిలిస్తే ఆ క్షణమే షార్టు. రెండు స్పీకర్ల నలుపు తీగలను కలిపి ఒకే తీగగా లాగే పాత ఇంటి పద్ధతి కూడా అలాంటి యాంపుల ప్రాణం తీస్తుంది. పైపులో మూడు తీగలే పడతాయని ఎలక్ట్రీషియన్ చెప్పినప్పుడు ఒప్పుకోకూడదు. రెండు స్పీకర్లకు నాలుగు తీగలు కావలసిందే.

కేబుల్ లేకుండా 8 ఓముల డమ్మీ లోడు (స్పీకరుకు బదులు పెట్టే రెసిస్టర్) మీద 1 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం పెట్టాను. గీత వెంట్రుకంత సన్నగా, శుభ్రంగా ఉంది. లోడు పక్కనే ఎడమ కేబుల్ కూడా తగిలించగానే ఆ గీత లావెక్కి, బూజు పట్టినట్టయింది. స్కేలు సాగదీసి చూస్తే లోపల ఇంకో తరంగం: 1.4 మెగాహెర్ట్జ్. డమ్మీ లోడూ సిగ్నలూ తీసేసినా అది పోలేదు, 5 వోల్టుల దగ్గర నిలిచి ఆడుతూనే ఉంది. చెవికి వినిపించే హద్దు 20 కిలోహెర్ట్జ్. కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏమీ వినిపించదు. యాంప్‌కు మాత్రం నిద్ర లేదు.

ఎందుకలా? యాంప్ తన అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో నిరంతరం పోల్చుకుంటూ తేడాను దిద్దుకుంటుంది. ఫీడ్‌బ్యాక్ చేసే పని అదే. అవుట్‌పుట్‌కు నేరుగా కెపాసిటర్ తగిలిస్తే ఆ దిద్దుబాటు ఆలస్యమవుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. మెగాహెర్ట్జ్ దగ్గర అరచక్రం తేడా వచ్చేస్తుంది. ఉయ్యాలను ఆపుదామని చెయ్యి వేసినవాడు అర ఊపు ఆలస్యంగా వేస్తే ఆగవలసిన ఉయ్యాల ఇంకా ఎగురుతుంది. సరిగ్గా అదే జరుగుతోంది. స్పీకరు కూడా సాయపడదు. దాని కాయిల్ మెగాహెర్ట్జ్ దగ్గర తెగిన తీగతో సమానం. అందుకే అవతల స్పీకరున్నా లేకున్నా యాంప్‌కు కనిపించేది కేబుల్ కెపాసిటెన్సే.

అన్ని యాంపులూ ఇలా తడబడవు. చాలా కంపెనీలు అవుట్‌పుట్ దారిలో కొన్ని చుట్ల చిన్న కాయిల్ పెట్టి, దాని పక్కనే ఒక రెసిస్టర్ వేస్తాయి. కేబుల్ కెపాసిటెన్స్ ఫీడ్‌బ్యాక్ దాకా రాకుండా అది అడ్డుకుంటుంది. కొందరు డిజైనర్లు శబ్దనాణ్యత పేరుతో ఆ కాయిల్‌ను తీసేస్తారు. ఈ యాంప్ అలాంటిది. మూత తీసి చూస్తే రిలే నుంచి టెర్మినల్ వరకు ఉత్త రాగి గీతే.

బ్రిటన్ కంపెనీ నెయిమ్ ఈ విషయాన్ని బాహాటంగానే చెప్పుకుంది. వాళ్ల పవర్ యాంపులకు తమ సొంత కేబులే వాడమని, ఒక్కో వైపు కనీసం మూడున్నర మీటర్లు ఉంచమని సలహా ఇచ్చింది. ఆ కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకు సుమారు 16 పికోఫారడ్లు, ఇండక్టెన్స్ సుమారు 1 మైక్రోహెన్రీ. అంటే యాంప్ లోపల లేని కాయిల్ పనిని కేబుల్ చేతనే చేయిస్తున్నారు. కేబుల్ ఎంత పొట్టిదైతే అంత మంచిదన్న దుకాణం మాట అక్కడ చెల్లదు. ఇంకో కొసన, గోర్ట్జ్ పేరుతో వచ్చిన పట్టీ కేబుళ్ల కెపాసిటెన్స్ ఎంత ఎక్కువంటే, కొన్ని యాంపులతో వాడటానికి తయారీదారులే స్పీకరు వైపు తగిలించుకునే జోబెల్ ముక్కలు (ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిపిన జత) ఇచ్చారు. మంచి కేబుల్, చెడ్డ కేబుల్ అనే మాటకు అర్థం లేదు. ఏ యాంప్‌తో, ఎంత పొడవున వాడుతున్నామన్నది తెలిస్తేనే అది క్షేమమో కాదో చెప్పగలం.

లోపల జరిగిన నష్టం

మూత తీయగానే వాసన వచ్చింది. రెండు ఛానెళ్ల చివరా 10 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా కలిసి గ్రౌండుకు దిగుతాయి. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు ఓటో జోబెల్ పేరు మీద పిలిచే జత ఇది. ఎడమ ఛానెల్ రెసిస్టర్ నల్లబడి, మీద రంగుపట్టీలు కనిపించడం లేదు. కింద బోర్డు గోధుమరంగుకు తిరిగింది. కొలిస్తే 27 ఓములు. కుడిది 12.

లెక్క చూడండి. 5 వోల్టుల పాట 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్నా, ఆ ఫ్రీక్వెన్సీలో కెపాసిటర్ 80 ఓముల అడ్డం వేస్తుంది కాబట్టి రెసిస్టర్ మీద ఖర్చయ్యేది 0.04 వాట్ లోపే. అదే 5 వోల్టులు 1.4 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే కెపాసిటర్ అడ్డం ఒక ఓముకు కాస్త పైన. భారమంతా రెసిస్టర్ మీదే పడి 2.5 వాట్లవుతుంది. అందులో ఉన్నది 1 వాట్ రెసిస్టర్. అందుకే మూత తీసినప్పుడు నేను మొదట చూసేది ఈ రెసిస్టర్ రంగునే. నల్లబడితే యాంప్ ఎప్పుడో ఇలా తనంతట తాను ఊగిపోయిందని, అంటే ఆసిలేట్ అయిందని అర్థం.

రెండూ తీసేసి 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు వేశాను. చేతికి దొరికిందని తీగ చుట్టిన రెసిస్టర్ వేయకూడదు. అది తానే ఒక కాయిల్ కాబట్టి మెగాహెర్ట్జ్ దగ్గర ఆ జత ఉండీ లేనట్టే. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు బాగానే ఉన్నాయి. హీట్ సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు) మీది ఉష్ణోగ్రత సెన్సర్ ప్రతిసారీ సమయానికి రిలేను కొట్టి వాటిని కాపాడింది. నాలుగూ మార్చి ఉంటే కొత్తవి కూడా ఇదే వేడికి గురయ్యేవి.

కుడి వైపు కథ

కుడి కేబుల్‌లో వాట్లు కొంచెం తక్కువ ఎందుకన్న ప్రశ్న మిగిలింది. రెండు కేబుళ్లూ ఒకే పొడవు కదా. స్పీకరు వైపు కొసలు రెండూ కలిపి, యాంప్ వైపు నుంచి రెసిస్టెన్స్ కొలిచాను. మీటరు తీగల సొంత రెసిస్టెన్స్ ముందే తీసేశాను, లేకపోతే ఇంత చిన్న అంకెలకు అర్థం ఉండదు. ఎడమ 0.2 ఓం. కుడి 1.1, పైగా స్థిరంగా లేదు. ఇంటావిడ స్పీకరు దగ్గర కేబుల్‌ను కాస్త కదిలిస్తుంటే అంకె గెంతుతోంది.

సీలింగ్‌లో లైటు బిగించిన రంధ్రంలోంచి చూస్తే సంగతి బయటపడింది. అబ్బాయి తెచ్చిన కేబుల్ కుడి వైపు చాల్లేదు. పనివాళ్లు ఆఖరి 3 మీటర్లు సన్నని పారదర్శక స్పీకరు తీగతో అతుకువేసి, మెలితిప్పి, టేపు చుట్టేశారు. అల్లిక కేబుల్ అటు తక్కువ కాబట్టే కెపాసిటెన్సూ తక్కువ, వాట్లూ తక్కువ. ఆ తీగను బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెలుపు. రాగి పూత పూసిన అల్యూమినియం. ఒకే మందానికి రాగి కంటే రెసిస్టెన్స్ సుమారు ఒకటిన్నర రెట్లు. దీన్ని పట్టుకోవడానికి అయస్కాంతం పనికిరాదు, అల్యూమినియానికి కూడా అతుక్కోదు. చేతిలో బరువు, బ్లేడు గీత, ఈ రెండే గుర్తులు. సముద్రం ఇంత దగ్గరున్న ఇంట్లో రాగినీ అల్యూమినియాన్నీ మెలితిప్పి వదిలేస్తే ఉప్పుగాలి దాని పని అది చేసుకుంటుంది. టేపు విప్పితే ఆకుపచ్చ, తెలుపు పొడి రాలింది. అతుకులు రెండింటి మీదే 0.7 ఓం దాకా పోతోంది.

స్పీకరు పలచబడటానికి కారణం ఇదే. ఆ స్పీకర్ల మీద 6 ఓములని రాసి ఉంది. నేను కొలిస్తే బేస్ పైభాగంలో, 110 హెర్ట్జ్ దగ్గర, 3.6 ఓములకు దిగుతోంది. ఇంకోచోట 25 ఓములకు ఎక్కుతోంది. దారిలో 1.1 ఓం ఉంటే 3.6 దగ్గర 2.3 డెసిబెల్స్ పోతాయి, 25 దగ్గర 0.4 కూడా పోవు. అంటే కుడి స్పీకరు రాగం మారిపోయింది, కేవలం చిన్నబోలేదు. ఎడమకూ కుడికీ ఈ తేడా ఎవరి చెవికైనా తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట. సన్నని తీగ వాడితే యాంప్ కాలిపోతుందని చాలామంది భయపడతారు. నిజానికి తీగ రెసిస్టెన్స్ స్పీకరుకు వరుసలో కలుస్తుంది కాబట్టి యాంప్ మీద భారం తగ్గుతుందే గాని పెరగదు. పాడయ్యేది ధ్వని. మరీ సన్నదైతే, పెద్ద వాల్యూమ్‌లో ఆ తీగే వేడెక్కుతుంది. 4 ఓముల మీద 100 వాట్లంటే 5 ఆంపియర్లు. యాంప్‌ను చంపేవి వేరు: షార్టు, ఆసిలేషన్, దాని శక్తికి మించి తక్కువ ఓముల లోడు. ఒకే టెర్మినల్‌కు రెండు 6 ఓముల స్పీకర్లు పక్కపక్కన కలిపితే 3 ఓములవుతుంది. దాన్ని ఏ కేబులూ కాపాడదు.

సీలింగ్‌లోనే ఇంకొకటి కనిపించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనాలి. స్పీకరు కేబుల్, ఫ్యానుకు వెళ్లే 230 వోల్టుల తీగలు ఒకే పీవీసీ పైపులో ఉన్నాయి. ఫాల్స్ సీలింగ్ స్క్రూ ఒకటి ఆ పైపులోకి దిగితే స్పీకరు వెనక చేతికందే టెర్మినల్ మీదికి ఇంటి కరెంటు వస్తుంది. మనవడు పాకే ఇల్లు అది. అది తీసేదాకా మిగతా ఏ పనీ చేయనన్నాను. ఇంటాయన వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు.

కేబుల్ ఎంపిక

మూడు దారులున్నాయి. మొదటిది, యాంప్‌లోపల కాయిల్ పెట్టడం. చేయవచ్చు, కాని తయారీదారు డిజైన్‌ను మార్చడం నాకు ఇష్టం లేదు. తరువాత ఎవరైనా చూస్తే అర్థం కాదు. రెండోది, స్పీకరు వైపు 10 ఓములు, 0.1 మైక్రోఫారడ్ జత తగిలించడం. ప్రయత్నించి చూశాను, ఎడమ వైపు ఆసిలేషన్ పూర్తిగా ఆగింది. అయినా వద్దన్నాను. రేపు స్పీకర్లు జరిపేటప్పుడు ఆ చిన్న డబ్బా ఎవరో పక్కన పెడతారు, దాని పని ఏమిటో ఎవరికీ గుర్తుండదు. మూడోది, కేబుల్ మార్చడం.

మార్చే ముందు ఈ యాంప్ ఎంత కెపాసిటెన్స్ భరిస్తుందో తెలియాలి. టెర్మినళ్ల మీదే నేరుగా ఫిల్మ్ కెపాసిటర్లు పెడుతూ స్కోపు చూశాను. 1 నానోఫారడ్, గీత శుభ్రం. 2.2, శుభ్రం. 4.7 పెట్టగానే అంచుల్లో బూజు మొదలైంది. హద్దు 2.2 అనుకుందాం. 14 మీటర్లకు పంచితే మీటరుకు 157 పికోఫారడ్లు దాటకూడదు.

రెసిస్టెన్స్ హద్దు స్పీకరు చెబుతుంది. తీగ రెసిస్టెన్స్ స్పీకరు ఇంపీడెన్స్‌లో (ఫ్రీక్వెన్సీని బట్టి మారే దాని మొత్తం అడ్డంలో) 5 శాతం లోపు ఉండాలన్నది మెకింటోష్ కంపెనీలో స్పీకర్లు రూపొందించిన రోజర్ రస్సెల్ పట్టికలతో పేరుపొందిన లెక్క. నేను పెట్టె మీది 6 ఓములను కాకుండా కొలిచిన 3.6ను తీసుకుంటాను. అందులో 5 శాతం 0.18 ఓం. 14 మీటర్లు అంటే పోనూ రానూ 28 మీటర్ల రాగి. సన్నపోగుల రాగి తీగలకు ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ రెసిస్టెన్స్ కిలోమీటరుకు 2.5 చదరపు మిల్లీమీటర్లకైతే 7.98 ఓములు, 4కైతే 4.95. కాబట్టి 2.5తో 0.22 ఓం వస్తుంది, కొద్దిలో దాటిపోతుంది. 4తో 0.14, సరిపోతుంది. ఇదే గదికి 6 మీటర్ల కేబుల్ సరిపోయి ఉంటే 2.5 కూడా అక్కరలేదు, 1.5 చాలు. అవసరానికి మించిన లావు వల్ల యాంప్‌కు నష్టమేమీ లేదు. టెర్మినల్ రంధ్రంలో పట్టక పోగులు కోసేయడం, ఆ పోగులు పక్కకు తిరగడం మాత్రం జరుగుతుంది.

"రిచీ స్ట్రీట్‌లో 14 గేజ్ స్పీకరు వైర్ అని అమ్ముతున్నారు కదండీ, అది తెస్తే పోలేదా?" అని అడిగారు ఆయన. గేజ్ మాట వింటే నాకు ముందు ఏ గేజ్ అన్న అనుమానం వస్తుంది. అమెరికా లెక్కలో 14 గేజ్ అంటే 2.08 చదరపు మిల్లీమీటర్లు, పాత బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో అదే 14 అంటే 3.24. రెండూ మన మార్కెట్‌లో నడుస్తాయి. కొందరు ఈ రెండింటినీ పక్కనపెట్టి, ప్లాస్టిక్ తొడుగు లావు చూసి గేజ్ చెప్పేస్తారు. అందుకే స్క్వేర్ లెక్క, అంటే చదరపు మిల్లీమీటర్లు, ముద్రించిన ఎలక్ట్రికల్ కేబుల్ నాకు నమ్మకం.

బ్రాడ్వేలో ఎలక్ట్రికల్ దుకాణం నుంచి భారత ప్రమాణం ఐఎస్ 694 ముద్ర ఉన్న 4 స్క్వేర్ రెండు కోర్ల ఫ్లెక్సిబుల్ రాగి కేబుల్ 30 మీటర్లు తెప్పించాను. ఇంటికి తెచ్చిన చుట్టనే, కోయకముందు, మీటరుకు తగిలించాను. 3.2 నానోఫారడ్లు, అంటే మీటరుకు 107 పికోఫారడ్లు. 14 మీటర్లకు 1.5 నానోఫారడ్లు, మన హద్దు 2.2కు లోపలే. ఇండక్టెన్స్ మీటరుకు 0.6 మైక్రోహెన్రీ వచ్చింది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 14 మీటర్లకు అది ఒక ఓము అడ్డం. పైస్థాయిలో ఇంపీడెన్స్ 8 ఓములున్న ఈ స్పీకరుకు ఒక డెసిబెల్‌లో పదో వంతు కూడా పోదు. అల్లిక కేబుల్ ఇండక్టెన్స్ తగ్గిస్తానంటూ కాపాడేది ఇంతే. దానికి ఇచ్చిన మూల్యం కాలిన రెసిస్టర్.

ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. ఇంట్లో మోటారుకు వాడే కేబుల్ లాంటిది పాటకు వాడటమా అన్న సందేహం. వాడవచ్చు. ప్రమాదం ఇంకోచోట ఉంది: రేపు ఎవరైనా ఎలక్ట్రీషియన్ దీన్ని చూసి ఇంటి లైను అనుకుని ప్లగ్ బిగించవచ్చు. కాబట్టి రెండు కొసల దగ్గరా, సీలింగ్‌లో మలుపు దగ్గరా "స్పీకరు లైను, కరెంటు కాదు" అని తమిళంలోనూ తెలుగులోనూ రాసిన స్లీవులు తొడిగాం. కొత్త పైపు ఫ్యాను పైపుకు దూరంగా వెళ్లింది. మధ్యలో అతుకు లేదు.

కొసల దగ్గర పని

కొసల బిగింపే యాంప్‌కు అసలు పరీక్ష. పాత కేబుల్ కుడి స్పీకరు దగ్గర ఒక్క పోగు మీసంలా బయటికి వంగి, నలుపు టెర్మినల్‌కు గోరంత దూరంలో ఆగి ఉంది. తుడిచేటప్పుడు ఎవరి చెయ్యి తగిలినా షార్టు. 4 స్క్వేర్ తీగలో ఇలాంటి సన్నపోగులు పదుల సంఖ్యలో ఉంటాయి. తొడుగును కత్తితో కాకుండా స్ట్రిప్పర్‌తోనే తీశాను. కత్తి కొన్ని పోగులను కోస్తుంది, తరువాత అవే విరిగి రాలతాయి. ప్రతి కొసకూ గొట్టం లగ్గు వేసి, దాని పంచ్‌తోనే నొక్కాను. సోల్డరులో ముంచి స్క్రూ కింద పెట్టే అలవాటు మానాలి. సోల్డరు మెత్తని లోహం, బిగింపు కింద నెమ్మదిగా జారి కొన్ని నెలల్లో వదులవుతుంది. ఉప్పుగాలి ఉన్న ఇల్లు కాబట్టి లగ్గు మొదట్లో హీట్ ష్రింక్ కూడా వేశాను.

ఇక్కడ ఆవిడ ఒక మంచి ప్రశ్న అడిగారు. "తమ్ముడూ, ఎరుపూ నలుపూ మారితే యాంప్ పోతుందా?" పోదు. ఒక స్పీకరు కోను ముందుకు వచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది, బేస్ ఎండిపోతుంది, అంతే. రెండు వైపులా ఒకేలా తప్పుగా పెడితే అది కూడా తెలియదు. యాంప్‌కు ప్రమాదం రంగు మారితే కాదు, రెండు రంగులు తగిలితే. అందుకే కొసలు మార్చేటప్పుడు వాల్యూమ్ తగ్గిస్తే చాలదు, స్విచ్ ఆపి ప్లగ్ తీయాలి.

అన్నీ బిగించాక వాట్ మీటరు ముందు మళ్లీ నిలబడ్డాను. కేబుళ్లు లేకుండా 38, రెండూ తగిలించాక 39. స్కోపు మీద గీత సన్నగా ఉంది. గంటసేపు ఘంటసాల పాటలు పెట్టారు. హీట్ సింక్ మీద చెయ్యి ఆనించి ఉంచగలిగేంత వేడి. అలమరలోని ఫ్యాను తీసేయమన్నాను, అది దుమ్ము మాత్రమే పోగుచేస్తోంది.

డాలస్ కేబుల్

దాన్ని పారేయాల్సిన పని లేదు. టీవీ గదిలో పాత ఏవీ రిసీవరు ఒకటి ఉంది, దాని అవుట్‌పుట్‌లో ప్రతి ఛానెల్‌కూ రెసిస్టర్ మీద చుట్టిన చిన్న కాయిల్ కనిపించింది. ఎడమ వైపు 14 మీటర్ల కేబుల్‌ను రెండుగా కోస్తే ఆ గదికి 7 మీటర్ల జత అవుతుంది. ఒక్కోటి 4.9 నానోఫారడ్లు. ఇదే కెపాసిటెన్స్ హాలు యాంప్‌ను వణికించేది. రిసీవరుకు తగిలించి స్కోపు పెడితే ఏ బూజూ లేదు, వాట్లలో మార్పూ లేదు. అబ్బాయి కొన్నదాన్ని కోయడానికి ఆయన చాలాసేపు వెనకాడారు. ఆవిడే లోపలికి వెళ్లి కత్తెర తెచ్చారు. రాగి అంత లావు ఉన్నప్పుడు కత్తెర పనికిరాదని చెప్పి నా కట్టరుతో కోశాను.

వేసవి గడిచాక సర్వీసుకు వెళ్లినప్పుడు వాట్ మీటరు మళ్లీ 39 దగ్గరే ఉంది. స్పీకరు వైపు ఒక నట్టు కాస్త వదులైతే బిగించాను. ఇప్పుడు ఆయన వెనక గోడకు ఇంకో జత స్పీకర్లు పెట్టి ఈ యాంప్‌కే కలపాలంటున్నారు. కొత్త స్పీకర్ల కనీస ఇంపీడెన్స్ ఎంతో కనుక్కుని చెప్పమన్నాను. అది తెలిసేవరకు కేబుల్ కొనవద్దని కూడా చెప్పాను.